టబ్బుకే పంక్చరైతే

"మా టబ్బు లీకవుతోందండీ" అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒక్కటే: పోతున్నది నీళ్ళా, గాలా? చాలామంది దగ్గర జవాబుండదు. పొద్దున లేచి పెరట్లోకి చూస్తారు. రాత్రి దాకా బిర్రుగా నిలబడ్డ గోడ ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, అంచు మీంచి నీళ్ళు గడ్డిలోకి జారుతుంటాయి. కంటికి కనబడ్డవి నీళ్ళు కాబట్టి నీళ్ళే కారుతున్నాయనుకుంటారు. నిజానికి పోయింది గాలి. గోడ కుంగింది, నీళ్ళు పొర్లాయి, అంతే.

మా న్యూజెర్సీలో తెలుగువాళ్ళ పెరళ్ళలో ఈ గాలి నింపే హాట్ టబ్బులు నాకు తెలిసి 2020 లాక్‌డౌన్ నుంచే ఎక్కువయ్యాయి. ఇంటికి శాశ్వతంగా బిగించే టబ్బంటే వేల డాలర్ల మాట. ఇది అట్టపెట్టెలో వస్తుంది. దాంతో వచ్చే పంపు తగిలిస్తే కాఫీ తాగేలోపు లేచి నిలబడుతుంది. సైజును బట్టి 700 నుంచి 1,000 లీటర్ల దాకా నీళ్ళు పడతాయి, 40 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతాయి. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నల మోకాళ్ళకి ఇది పెద్ద ఆసరా. అందులో వింతేమీ లేదు. కాలిఫోర్నియాలో నీటి పంపులు చేసే జకూజీ కుటుంబంలో కాండిడో అనే ఆయన, కీళ్ళవాతంతో బాధపడే తన కొడుకు కోసం స్నానపు తొట్టిలో పెట్టుకునే పంపు తయారుచేశాడు. 1956లో అది అమ్మకానికొచ్చింది. బుడగల స్నానం విలాసంగా మారింది ఆ తర్వాతే.

మా మామగారిది తెనాలి. నేను ఓ రోజు టబ్బు చుట్టూ నేల మీద పాకుతుంటే ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాలాసేపు చూశారు. చివరికి, "అల్లుడుగారూ, మన దగ్గర ట్యూబు పంక్చరైతే నీళ్ళ టబ్బులో ముంచి బుడగలెక్కడొస్తున్నాయో చూస్తాడు. టబ్బే పంక్చరైతే మరి దేంట్లో ముంచుతారు?" అన్నారు.

వెటకారంగా అన్నా, అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఈ పని మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అతికించడం ఎవరైనా చేస్తారు. చిల్లెక్కడుందో తేల్చడమే పని.

ముంచలేం కాబట్టి నీళ్ళనే టబ్బు దగ్గరకి తేవాలి. స్ప్రే బాటిల్లో నీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త కలిపి, గోడ బిగువుగా ఉన్నప్పుడు కొడతాం. గాలి పోయేచోట సబ్బు పొంగుతుంది. పెద్ద చిల్లయితే సబ్బుతో పనే లేదు, బుస వినబడుతుంది. ఇబ్బంది పెట్టేది గుండుసూది మొనంత చిల్లు. అక్కడ బుడగ గబుక్కున రాదు. చిన్న చిన్న బుడగలు తెల్లటి నురగగా మెల్లగా పోగవుతాయి. సబ్బు కొట్టి వెంటనే ముందుకు జరిగిపోయేవాళ్ళకి అది దొరకదు. కొట్టి, నిలబడి, మళ్ళీ వెనక్కొచ్చి చూడాలి. గాలి వీచే రోజున ఈ పని పెట్టుకోకండి, సబ్బు ఆరిపోతుంది.

నురగ కనబడగానే తుడిచి, చిల్లు మీద కాకుండా చుట్టూ మార్కరుతో సున్నా చుట్టాలి. గాలి తీసేశాక ఆ ప్లాస్టిక్ ముడతలు పడుతుంది, చిల్లు మూసుకుపోతుంది. గుర్తు పెట్టకపోతే మళ్ళీ మొదటి నుంచీ వెతుక్కోవడమే.

మామగారి ప్రశ్నకి ఇంకో జవాబు కూడా ఉందని ఆ తర్వాత తోచింది. టబ్బు లోపలి గోడ ఎప్పుడూ నీళ్ళలోనే మునిగి ఉంటుంది కదా. చిల్లు అటువైపు ఉంటే, మోటారు ఆపేసి నీళ్ళు నిలకడగా అయ్యాక, ఒకేచోటి నుంచి సన్నగా బుడగలు పైకి లేస్తుంటాయి. తన పంక్చరుని టబ్బు తనలోనే ముంచుకుని చూపిస్తుందన్నమాట. ఈ మాట చెబితే ఆయన కుర్చీ దగ్గరకి లాక్కున్నారు.

సబ్బు ముందు కొట్టాల్సింది గోడల మీద కాదు, గాలి నింపే వాల్వు మీద. దాని అడుగు బిళ్ళ కాస్త వదులైనా, మూతకీ వాషరుకీ మధ్య ఇసుక రేణువో గడ్డిపరకో ఇరుక్కున్నా గాలి పోతుంది. తుడిచి చేత్తో బిగిస్తే సరిపోతుంది. ప్యాచీ అక్కర్లేదు. వాల్వు బాగుంటే అతుకులు చూడాలి, ఆ తర్వాత నేలకి ఆనే అంచు. టబ్బుని నిండుగా ఉండగానే ఈడ్చి జరిపే అలవాటున్న ఇళ్ళలో ఆ అంచు సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంతా చేసి చిల్లు దొరకకపోతే? ఉండకపోవచ్చు కూడా. అక్టోబరు వచ్చిందంటే నాకు ఫోన్లు పెరుగుతాయి, వాటిలో చాలా టబ్బులకి అసలు చిల్లే ఉండదు. మధ్యాహ్నం 25 డిగ్రీలప్పుడు గాలి నింపుతారు. తెల్లారేసరికి బయట 5 డిగ్రీలు. కెల్విన్ లెక్కలో 298 నుంచి 278కి దిగినట్టు. మూసి ఉన్న గాలి ఒత్తిడి ఆ మేరకు, అంటే దాదాపు 7 శాతం తగ్గుతుంది. ఏడే కదా అనిపిస్తుంది. కానీ గోడ లోపలి ఒత్తిడిలో ఎక్కువ భాగం బయటి వాతావరణానికి సరితూగేదే. గోడని బిగించి నిలబెట్టేది దాని పైన మనం ఎక్కించిన కాస్తంత. ఆ 7 శాతం కోత లెక్కకి మొత్తం మీదే అయినా, తినేది ఆ పైన ఉన్న కాస్తనే. లోపలి నీళ్ళు వెచ్చగా ఉంటే కోత కొంత తగ్గుతుంది. ఎండెక్కాక గోడ మళ్ళీ గట్టిపడితే టబ్బుకి ఏ రోగమూ లేనట్టు. ఇది తెలియక తెల్లవారుజామున చలిలో బిర్రుగా గాలి కొట్టి, మధ్యాహ్నం ఎండకి వదిలేసేవాళ్ళుంటారు. అప్పుడు అతుకు విచ్చుతుంది. లేని లీకు కోసం చేసిన వైద్యమే నిజం లీకు తెస్తుంది.

ఇక నీళ్ళ సంగతి. టబ్బు లోపలి వ్యాసం 140 సెంటీమీటర్లనుకుంటే, మట్టం ఒక్క సెంటీమీటరు దిగిందంటే 15 లీటర్లు పోయినట్టే. అదే, ఎక్కడో సెకనుకో చుక్క కారుతుంటే రోజుకి నాలుగు లీటర్లు దాటుతుంది. మట్టంలో చూస్తే మూడు మిల్లీమీటర్లు. ఆ మాత్రం మూత సరిగ్గా పడకపోయినా ఆవిరైపోవచ్చు, పిల్లలు చిమ్మినా పోవచ్చు. అందుకని కంగారు పడకుండా ముందు కొలవాలి. లోపలి గోడకి నీటి అంచున టేపు ముక్క అంటించి, మూత వేసి, రాత్రంతా ఎవరినీ దిగనివ్వకుండా వదిలేస్తాను. ఆదివారం సాయంత్రం ఈ మాట చెప్పి పిల్లల దగ్గర చెడ్డపేరు తెచ్చుకోవడం నాకు అలవాటే.

మట్టం నిజంగానే దిగిందా? అయినా టబ్బుని ఇంకా అనుమానించను. మోటారు, హీటరు, ఫిల్టరు ఉండే పెట్టె టబ్బు బయట ఉంటుంది. దానికీ గోడకీ మధ్య గొట్టాలు బిగించి ఉంటాయి. నా అనుభవంలో నీళ్ళ లీకుల్లో ఎక్కువ అక్కడివే. పరీక్ష తేలికే. ప్లగ్గు పీకేయాలి, ఇది ముందు. తర్వాత టబ్బుతోపాటు వచ్చే బిరడాలు లోపలి వైపు నుంచి ఆ రంధ్రాలకి బిగించి, పెట్టెని విడదీసి పక్కన పెట్టాలి. తెల్లారి టేపు దగ్గరే మట్టం ఉంటే టబ్బు నిర్దోషి. తప్పు వాషర్లది. అవి ఎండి బిరుసెక్కుతాయి, మెలితిరుగుతాయి, ఇసుక పడితే ఒరుసుకుపోతాయి. కడిగి సిలికాన్ గ్రీజు పల్చగా రాసి మళ్ళీ కూర్చోబెడితే చాలాసార్లు కారడం ఆగుతుంది. ఇంట్లో ఉంది కదా అని వేజలిన్ రాయకూడదు. పెట్రోలియం సరుకు తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. నట్టు చేత్తోనే తిప్పాలి. పానా పట్టి బిగిస్తే పగిలేది ప్లాస్టిక్కే.

బిరడాలు పెట్టినా మట్టం దిగుతుంటే అప్పుడు టబ్బుని పట్టుకోవాలి. ఓపిక ఉన్నవాళ్ళకి ఒక మంచి ఉపాయం ఉంది: ఏమీ చేయకుండా నీళ్ళని పోనివ్వడం. చిల్లు గోడలో ఉంటే మట్టం చిల్లు ఎత్తు దాకా దిగి అక్కడ ఆగుతుంది. ఆగిన గీత వెంట చుట్టూ చూసుకుంటూ వెళ్తే చాలు. ఆగకుండా పోతూనే ఉంటే చిల్లు అడుగున ఉన్నట్టు. అనుమానం ఉన్నచోట నిశ్చలంగా ఉన్న నీళ్ళలో ఫుడ్ కలర్ చుక్క వదిలితే ఆ రంగు దారంలా సాగి చిల్లులోకి పోతుంది. మామగారికి బాగా నచ్చిన ఘట్టం ఇదే. రెండో చుక్క తనే వేస్తానన్నారు. బయట తడి కనబడ్డచోట మాత్రం చిల్లు వెతకొద్దు. నీళ్ళు రెండు పొరల మధ్య జారి, ఎక్కడో పల్లంలో బయటపడతాయి.

చిల్లు దొరికాక మిగిలింది ప్యాచీ. ఇక్కడ మన పంక్చరు షాపు విద్య సగమే పనికొస్తుంది. సైకిల్ ట్యూబు రబ్బరు. షాపులో ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, అది ఆరే దాకా ఆగి ప్యాచీ వేస్తాడు. ఈ టబ్బు రబ్బరు కాదు, మెత్తబరిచిన పీవీసీ. 1926లో గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలో మెత్తబడ్డ ప్లాస్టిక్ అది. రబ్బరు సొల్యూషన్ దీని మీద సరిగ్గా పట్టదు, వేడినీళ్ళకి లేచిపోతుంది. సూపర్ గ్లూ పట్టినా గాజులా గట్టిపడుతుంది. గోడ వంగినప్పుడల్లా అది చిట్లుతుంది. కావలసింది వినైల్ సిమెంట్. అందులోని ద్రావకం పీవీసీ పైపొరని కరిగిస్తుంది, ప్యాచీ పొరనీ కరిగిస్తుంది. రెండూ కలిసిపోయాక ద్రావకం ఆవిరైపోతుంది. అందుకే అది ఆరుబయట చేయాల్సిన పని, ఆ వాసన మంచిది కాదు. టబ్బుతో వచ్చిన పెట్టెలో చిన్న జిగురు గొట్టం ఉంటుంది కానీ, మూడో ఏడు తీసి చూస్తే లోపల ఎండిపోయి ఉంటుంది. కొత్తది కొనుక్కోండి.

ముందు గాలి పూర్తిగా తీసేయాలి. లేకపోతే జిగురు తడిగా ఉండగానే లోపలి గాలి దాన్ని తన్నుకుంటూ బయటికొచ్చి దారి చేసుకుంటుంది. సబ్బు, క్లోరిన్, వంటికి రాసుకున్న నూనె, అన్నీ పోయేట్టు ఆల్కహాల్‌తో తుడవాలి. మా ఇళ్ళలో తలంటి రోజున టబ్బులో దిగేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళ టబ్బుకి రెండుసార్లు తుడవాలి. ప్యాచీని చిల్లు చుట్టూ మూడు సెంటీమీటర్లు మిగిలేట్టు గుండ్రంగా కత్తిరించాలి. మూలలుంటే అక్కడి నుంచే లేస్తుంది. అంటించి, చెంచా వెనక వైపుతో మధ్య నుంచి అంచులకి రుద్ది, పైన బరువు పెట్టి ఒక రోజు ముట్టుకోకూడదు. నీళ్ళ లీకయితే ప్యాచీ లోపలి వైపే వేయాలి. నీటి బరువే దాన్ని చిల్లుకి అదిమి పెడుతుంది. బయట వేస్తే అదే నీరు దాన్ని తోసేస్తుంది.

అందరూ తప్పించుకోవాలని చూసేది నీళ్ళు తోడేయడాన్నే. కారణం లేకపోలేదు. 800 లీటర్లని 15 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకి కాచడానికి 23 యూనిట్ల కరెంటు కావాలి. ఇక్కడి మామూలు ప్లగ్గుకి తగిలించే 1,300 వాట్ల హీటరు దాన్ని కాచేసరికి 18 గంటలు, పైన పోయే వేడి కాక. అందుకే నీళ్ళలోనే అంటించే ప్యాచీలు అమ్ముతారు, జనం కొంటారు. వారాంతం గడవడానికి అవి చాలు. అంతకు మించి నేను నమ్మను.

ప్యాచీకి లొంగని జబ్బు ఒకటుంది. ఈ గోడ లోపల ఖాళీ కాదు. రెండు పొరలనీ పట్టి ఉంచే అడ్డ తెరలో, వేల దారాలో ఉంటాయి. దారాల పద్ధతి టబ్బుల కోసం పుట్టింది కాదు. 1956లో గుడ్‌ఇయర్ కంపెనీ గాలి నింపి ఎగరేసిన ఇన్‌ఫ్లాటోప్లేన్ అనే విమానం రెక్కలు అలాంటి గుడ్డతోనే నిలబడ్డాయి. ఆ తెర ఒకచోట తెగితే గోడ అక్కడ కంతిలా ఉబ్బుతుంది. గాలి పోదు, నీళ్ళు పోవు, కానీ ఉబ్బు రోజురోజుకీ పెరిగి పక్క తెరని లాగుతుంది. పై నుంచి చేయగలిగేది ఏమీ లేదు.

అలాంటి టబ్బుని పారేసేముందు నేను రెండు పనులు చేయిస్తాను. పై గోడలో ఎండ తగలని భాగం నుంచి బారెడు ముక్క కోసి దాచుకోమంటాను. ఇంకో టబ్బుకి దానికంటే మంచి ప్యాచీ సరుకు ఏ దుకాణంలోనూ దొరకదు. మోటారు పెట్టె మాత్రం పారేయొద్దంటాను. గోడ బాగుండి మోటారు కాలిపోయినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరో ఒకరు ఉంటారు. అదే మోడలా కాదా అని గొట్టాల కొలతలు చూసుకుని, వచ్చి పట్టుకుపోతారు.