విరూపణ్ణ కళ్లు సరే, రాయి కొట్టేవాళ్ల ఊపిరి మాటేంటి?

లేపాక్షి గుడికి పోయినోళ్లకు ఒక గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. అవి విరూపణ్ణ కళ్ల నెత్తురట. అచ్యుతరాయల కోశాధికారి అయిన ఈయన, అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న నింద పడి, తన కళ్లు తనే పీకి గోడకు కొట్టాడని స్థలపురాణం.

మేము అడిగేది ఒకటే. ఊళ్లోనే, ఒకే రాతిలో దాదాపు 27 అడుగుల నందిని చెక్కినోళ్ల కళ్లల్లో ఎన్ని పెచ్చులు పడ్డాయి? వాళ్లు ఎంత దుమ్ము పీల్చారు? పురాణానికి అధికారి కళ్లు గుర్తున్నాయి, కూలోళ్ల ఊపిరి గుర్తులేదు.

ఇది పాతకథ కాదు. గ్రానైటు కోస్తే కంటికి కనపడని సిలికా దుమ్ము లేస్తుంది. ఏళ్లతరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అదే సిలికోసిస్. నయం చేసే మందు లేదు, రాకుండా ఆపడమే దారి. నీళ్లు పోస్తూ కోయాలి, దుమ్మును పుట్టినచోటే యంత్రంతో లాగెయ్యాలి. మూతికి కట్టిన తువ్వాలు దాన్ని ఆపదు. ఇవన్నీ యజమాని చేయాల్సిన పనులు. నింద మాత్రం 'జాగ్రత్త లేని' కూలోడి మీద!

1948 ఫ్యాక్టరీల చట్టం ఈ జబ్బును డాక్టర్లు ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. కానీ కరెంటు వాడే షెడ్డులో 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అంది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కోడ్ ఆ 10ని 20 చేసింది. మనుషులు తగ్గితే దుమ్ము తగ్గుతుందా?

తరతరాలుగా రాతిపనిని వడ్డెరల మీద, దళితుల మీద పెట్టిన సమాజమే వాళ్ల దగ్గును 'టీబీ' అని రాసి చేతులు దులుపుకుంటోంది. ఆ చీటీ కూడా ఒక స్థలపురాణమే. దాన్ని మనమే తిరగరాయాలి. ప్రతి రోగినీ 'ఏం పని చేస్తావు?' అని అడగడంతో మొదలుపెడదాం.