‘అక్టోబరు కూ’ – ఒక జిల్లా కలెక్టరు స్మృతిగ్రంథము

హైదరాబాదు సంస్థానము చివరి దినములను గూర్చి మహమ్మదు హైదరు ఆంగ్లమున వ్రాసిన స్మృతిగ్రంథము 2012లో ‘అక్టోబరు కూ’ అను పేర అచ్చయినది. ‘కూ’ యనునది ఫ్రెంచి మాట. దెబ్బ యని దాని మూలార్థము. మన పత్రికలు దీనిని ‘సైనిక తిరుగుబాటు’ అని తెలిగించుట పరిపాటి. ఈ గ్రంథము విషయమున ఆ తెలిగింపు బొత్తిగా పొసగదు. ఏలయన, ఇందు తిరుగబడినది సైన్యము కాదు. రాజు సింహాసనము కదలలేదు, సేనాపతి మారలేదు. అయినను ప్రభుత్వము చేయిజారినది. ఈ వైచిత్రియే గ్రంథమునకు ప్రాణము.

1947 అక్టోబరు 27వ తేది వేకువకు ముందు, నిజాము పక్షమున ఢిల్లీకి విమానమున బోవలసిన రాయబారుల యిండ్లను వేలకొలది జనము చుట్టుముట్టెను. ప్రధానామాత్యుడగు ఛత్తారీ నవాబు, న్యాయవాది వాల్టర్ మాంక్టను, సర్ సుల్తాన్ అహమ్మదు – వీరు ముగ్గురును యథాతథపుటొడంబడికను గొనిపోవలసినవారు. కాసిం రజ్వీ నాయకత్వమున నున్న ఇత్తెహాదు సంఘము ఆ ప్రయాణమును నిలిపినది. పోలీసులు గుంపును చెదరగొట్టలేదు. ఛత్తారీ పదవి విడిచెను; క్రొత్త రాయబారులు నియమింపబడిరి; కొలది దినములకు మీర్ లాయక్ అలీ ప్రధానామాత్యుడయ్యెను. నవంబరు 29న సంతకమైన పత్రము నిబంధనలలో మునుపటిదానికంటె మిక్కిలి భిన్నము కాదు. మారినది పత్రము కాదు, పత్రమును ఎవరు కుదుర్పవలయునో నిర్ణయించు శక్తి.

గ్రంథకర్త ఆ రాత్రి కథలో పాత్రధారి కాడు. 1948లో ఆయన ఉస్మానాబాదు (ఇప్పటి ధారాశివ) జిల్లాకు కలెక్టరు. కావున శీర్షిక సూచించు సంఘటనకంటె దాని ఫలితములకే ఆయన సాక్ష్యము చెల్లును. ఈ విషయమున గ్రంథము అమూల్యము. బొంబాయి రాష్ట్రపు సరిహద్దున నున్న యా జిల్లాలో ఆయుధధారులు మూడు తెగలు: అల్ ఇద్రూసు సేనాపతిగా గల రాజసైన్యము, పోలీసులు, రజాకార్లు. మొదటి రెండు తెగలు జీతము గొని ఆజ్ఞకు లోబడినవి. మూడవది జీతము గొనదు, కలెక్టరు ఆజ్ఞకు లోబడదు. అయినను సర్కారు పేరనే సంచరించును. ఎల్లకు ఆవలి శిబిరములనుండి దాడులు, ఈవలనుండి రజాకార్ల ప్రతీకారములు. నడుమ పన్ను వసూలు చేయవలసిన కలెక్టరు. దండము రాజు చేతిలో నున్నట్లే కానవచ్చుచు వేరొకని చేతినుండి పనిచేయుట ఎట్టిదో, రాజధానిలో గూర్చుండి వ్రాసిన గ్రంథములకంటె ఇది స్పష్టముగా జూపును.

అయినను ఒక జాగ్రత్త అవసరము. 1948 సెప్టెంబరు తరువాత గ్రంథకర్త నిర్బంధింపబడినవాడు. కనుక సాక్షివాక్యమును, ప్రతివాదివాక్యమును ఒకే కంఠమున వినవలసి వచ్చుచున్నది. మున్షీ గ్రంథము (1957), లాయక్ అలీ గ్రంథము (1962), ఇద్రూసు స్మృతులు (1994) దీని ప్రక్కన బెట్టుకొని చదువుట మంచిది. నలుగురును నాలుగు దిక్కుల గూర్చుండి తప్పును పొరుగువానిపై వేయుదురు. రజాకార్లను ఆపవలసినవాడెవడను ప్రశ్నకు మాత్రము ఏ యొక్కరును నిండైన యుత్తర మీయరు.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించి 18న లొంగుబాటును స్వీకరించినది. దీనికి ‘పోలీసు చర్య’ యని పేరు. సాయుధశకటములతో వచ్చిన సైన్యమునకు పోలీసు పేరు పెట్టుట భాషాశాస్త్రజ్ఞులకు వినోదము గూర్పవచ్చును. అనుభవించినవారికి వినోదము కాదు. మేజర్ జనరల్ చౌధురి సైనికగవర్నరుగా 1949 చివరివరకు పాలించెను; పౌరపాలనకు బఖ్లే యను సివిలు అధికారి నియుక్తుడయ్యెను. కేంద్రప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము ఆ పోలీసు చర్య సమయమునను, తరువాతను 27 మొదలు 40 వేల ప్రాణములు పోయినవని అంచనా వేసినది. మిక్కిలి నష్టపడిన నాలుగు జిల్లాలలో ఉస్మానాబాదు ఒకటి. కొన్నిచోట్ల సైనికులును పోలీసులును దోపిడిలో పాల్గొనిరనియు, మరికొన్నిచోట్ల హిందువులు ముసల్మానులైన పొరుగువారిని దాచి కాపాడిరనియు ఆ నివేదికయే చెప్పుచున్నది. దానిని దశాబ్దములపాటు ప్రకటింపలేదు. కలెక్టరు కథకు ఆ నివేదిక తోడు లేనిచో జిల్లా కథ సగమే.

తెలుగు జిల్లాల సంగతి వేరు. అచట సైన్యము రజాకార్లను అణచిన పిమ్మట కమ్యూనిస్టులపై తిరిగినది. పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడువరకు గ్రామములలో శిబిరములు నిలిచినవి. పారిపోయిన దేశముఖులు సైన్యము వెంట తిరిగివచ్చిరని పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి గ్రంథమున వ్రాసెను. ఆయనయు ఒక పక్షమువాడే యనుట మరువరాదు. పోలీసు చర్య తరువాతి పల్లెను దాశరథి రంగాచార్య ‘జనపదము’ నవలకు వస్తువుగా గొనెను. ఆంగ్ల స్మృతికర్తలకు అందని రైతు గొంతు ఇట్టిచోట్లనే వెదకవలయును.

ఈ స్మృతులన్నిటను భూమి ప్రసంగము కొరత. 1949లో సర్ఫెఖాసు దివానీలో కలిసినది. ఆ యేడే జాగీర్ల రద్దు శాసనము వెలువడినది. ప్రజలెన్నుకొన్న శాసనసభ లేనినాడు, సంస్థానపు పెద్ద పౌరశాసనము సైనికుని సంతకముతో నడచినదన్నమాట! నగరము చుట్టునున్న అత్రాఫె బల్దా సర్ఫెఖాసు జిల్లా. దాని పరిసరముననే 1998లో సైబర్ టవర్సు లేచినవి. మాదాపురము, గచ్చిబౌలి వైపు సైబరాబాదు పెరిగినది. ఆ చుట్టుపట్టుల పట్టా వివాదములలో జాగీరు, పైగా, సర్ఫెఖాసు అను మాటలు నేటికిని న్యాయస్థానములలో వినబడుచున్నవి. సెప్టెంబరు 17వ తేదికిని ఒక పేరు స్థిరపడలేదు: 2022లో రాష్ట్రప్రభుత్వము జాతీయ సమైక్యతాదినమనెను, 2024లో కేంద్రము విమోచనదినమనెను, ఆ యేడే రాష్ట్రము ప్రజాపాలనాదినమనెను.

కావున ఈ గ్రంథమును తెలిగింపబూనువారు శీర్షికను ‘సైనిక తిరుగుబాటు’ చేయరాదు. ‘అధికారాపహరణము’ కొంత మేలు; అందును అపహర్త రాజ్యము వెలుపలివాడు కాడనుట పీఠికలో చెప్పవలయును. సుందర్‌లాల్ నివేదికనుండి ఉస్మానాబాదు భాగమును అనుబంధముగా జేర్చినచో చదువరికి రెండవ సాక్షియు దొరకును.