షీటులో పట్టని మొక్క

ఊటీ చుట్టుపక్కల కొండవాలుల్లో తిరిగినవాళ్లకు బ్రాకెన్ ఫెర్న్ కంటపడకుండా ఉండదు. గడ్డిమైదానాల్లో, బాటల పక్కన గుబురుగా కమ్ముకుని ఉంటుంది. అంత విరివిగా ఉండటమే దానికి చేటయింది. అరుదైన ఆర్కిడ్ కోసం లోయల్లోకి దిగే సేకర్తలు దీన్ని తొక్కుకుంటూ పోతారు. నాకది బాధగా ఉంటుంది. ఇది ఎక్కడ విస్తరించిందో, ఎక్కడ తగ్గిందో రేపటివాళ్లు తేల్చాలంటే ఇవాళ్టి నమూనా బీరువాలో ఉండాలి కదా.

చిక్కంతా పరిమాణంతోనే. ఎండబెట్టిన మొక్కను అతికించి భద్రపరిచే హెర్బేరియం షీటు సుమారు 42 × 29 సెంటీమీటర్లు. బ్రాకెన్ ఆకు ఒక్కటే మీటరు దాటుతుంది, ఒక్కోచోట మనిషెత్తు లేస్తుంది. కోయక తప్పదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది కొండ మీదే తేల్చుకోవాలి. నేనైతే ఆకు కొన, నడిమి భాగం నుంచి ఒక పక్క రెమ్మ, కాడ అడుగు తీసుకుని వేరువేరు షీట్లకు పెడతాను. అన్నింటికీ సేకరణ సంఖ్య ఒక్కటే. మొక్కను అదిమి ఆరబెట్టే ప్రెస్‌లో పెట్టేటప్పుడు కొన్ని చిట్టాకులను బోర్లించాలి, కొన్నింటిని వెల్లకిలా ఉంచాలి. ఎందుకంటే అసలు ఆనవాలు అడుగునే ఉంది: సిద్ధబీజాశయాలు ఆకు అంచు వెంబడి గీతలా సాగుతాయి, అంచు వాటి మీదికి మడతపడుతుంది. చేతిలో లెన్సు ఉంటే ఆ మడత చూసి తీరాలి.

నేలలోని కొమ్మును తవ్వడం మాత్రం ఓపిక పని. పసుపు కొమ్ములా చేతికి అందదు, నేలలో లోతుగా, దూరంగా పాకుతుంది. అయినా ఒక ముక్క కావాలి. చాలా ఫెర్న్‌ల కొమ్ము మీద పొలుసులుంటాయి, దీనికి నూగు ఉంటుంది. తవ్వాక చేతులు కడుక్కోవడం మరవకూడదు. ఈ మొక్కలో టాక్విలోసైడ్ అనే క్యాన్సర్ కారకం ఉంది, మేసిన పశువులకూ హాని చేస్తుంది.

ప్రెస్‌లో నిలవనివి చాలా ఉన్నాయి. మొక్క ఎత్తు, ఆకు వాలిన తీరు, వాలు మీద ఎంతమేర కమ్మిందీ, నేల కాలిన జాడ, లేత ఆకుల మకరంద గ్రంథుల దగ్గర చేరిన చీమలు. వీటిని అక్కడే నిలబడి నోట్‌బుక్‌లో రాయాలి. గదికి వెళ్లాక రాద్దామనుకుంటే సగం ఊహే రాస్తాం.

పేరు సంగతి వేరు. లినేయస్ 1753లో దీన్ని టెరిస్ ప్రజాతిలో చేర్చాడు, 1879లో కూన్ టెరీడియం ప్రజాతిలోకి మార్చాడు. దక్షిణ భారతపు మొక్కను వేరే జాతిగా లెక్కించేవాళ్లూ ఉన్నారు. పేరు మారినప్పుడు పాత చీటీని పీకెయ్యరు, పక్కన కొత్త నిర్ధారణ చీటీ అతికిస్తారు. అందుకే విద్యార్థులు జాతి పేరు రాసే చోటు ఖాళీగా వదిలినా షీటు తీసుకుంటాను. చోటు, తేదీ, సముద్రమట్టం నుంచి ఎత్తు లేకపోతే మాత్రం ఎంత అందంగా ఆరబెట్టినా తిప్పి పంపేస్తాను.