తోయనన్నవారికి తర్కం లేదా?

బ్రేకులు పనిచేయని ట్రాలీ పట్టాలపైనున్న ఐదుగురి మీదికి దూసుకొస్తోంది. మీట లాగితే పక్కదారికి మళ్ళుతుంది. అక్కడ ఒక్కడే ఉన్నాడు. మీరైతే లాగుతారా? చాలామంది లాగుతామంటారు. వంతెనపైనున్న మనిషిని కిందికి తోస్తేనే ఐదుగురూ బతుకుతారంటే మాత్రం వెనక్కి తగ్గుతారు. లెక్క మారలేదు సుమా!

2001లో జాషువా గ్రీన్ బృందం ఇలాంటి ప్రశ్నలు వేస్తూ మెదడును ఎఫ్.ఎం.ఆర్.ఐ.తో పరిశీలించింది. స్వయంగా చేయిచేసుకోవలసిన సందర్భాల్లో ఉద్వేగ సంబంధమైన భాగాలు ఎక్కువ చురుకయ్యాయి. అక్కడ ‘సరే’ అన్నవారికి ఎక్కువ సమయం పట్టింది. ఉద్వేగాన్ని హేతువు అణచడానికే ఆ ఆలస్యమని బృందం వివరణ.

అయితే ఆ ప్రశ్నలేమిటో చూడండి. అందరికీ గిట్టని యజమానిని మేడ మీంచి తోసేయవచ్చా అన్నది వాటిలో ఒకటి! ఇందులో సందిగ్ధమేముంది? 2009లో మెక్‌గ్వయిర్, మరికొందరు పాత సమాచారాన్నే తిరిగి విశ్లేషించారు. దాదాపు అందరూ చటుక్కున కాదనే ఇలాంటి ప్రశ్నలను తీసేస్తే ఆ కాలభేదం నిలవలేదు. గ్రీన్ దీన్ని అంగీకరించారు. ఇతర ప్రయోగాల బలంతో సిద్ధాంతాన్ని మాత్రం వదల్లేదు.

ఆ బలం లేకపోలేదు. నుదుటి వెనుక, మెదడు అడుగుభాగం దెబ్బతిని ఉద్వేగాలు మందగించిన ఆరుగురు, తోయడానికి ఇతరులకంటే ఎక్కువగా ఒప్పుకున్నట్లు 2007లో వెల్లడైంది.

ఉద్వేగానికి పాత్ర ఉందనడానికి ఇది చాలు. కానీ ‘తోయను’ అన్న జవాబులో హేతువు లేదనడానికి చాలదు. 1967లో ట్రాలీ ప్రశ్నను ముందుకు తెచ్చిన తత్త్వవేత్త ఫిలిప్పా ఫుట్, సాయపడే బాధ్యతకన్నా హాని చేయకుండా ఉండే బాధ్యతే బరువైనదని వాదించారు. తర్కంతోనే!