పాత్రవికాసము - స్థానివద్భావము: జపాను అనిమే కథలపై నొక విచారము

జపానుదేశమునఁ బుట్టి నేఁడు లోకమంతటను వ్యాపించిన అనిమే చిత్రములను, అనఁగా గీసిన బొమ్మలను జలింపఁజేసి కథ చెప్పు చిత్రములను గూర్చి చర్చించువారి నోట "పాత్రవికాసము" అను మాట తఱచుగా వినవచ్చుచున్నది. పిఱికివాఁడు శూరుఁడైనచో వికాసము; క్రూరుఁడు దయాళువైనచో వికాసము; మొదట నెట్టివాఁడో తుద నట్టివాఁడే యైనచో వికాసశూన్యము, కావునఁ గథ దుర్బలము. ఈ కొలబద్దతోనే యనేకులు గుణదోషనిర్ణయ మొనర్చుచున్నారు. కొలబద్ద సులభమైనది, సులభమగుటయే దానియందలి దోషము. వికాసమనఁగా మొగ్గ విచ్చుట. మొగ్గను ద్రుంచి యా తొడిమకు వేఱొక పువ్వును గట్టినచో దానిని వికాస మనువాఁ డెవ్వఁడును లేఁడు. బొమ్మలకథలకు శాస్త్రచర్చ యేల యని కొందఱు పండితులు పెదవి విఱువవచ్చును. నాటకమును సైతము ఒకనాఁడు క్రీడనీయకమనియే పిలిచిరి.

వ్యాకరణమునందు మార్పు ముఖ్యముగా రెండు తెఱఁగులు. ఆదేశము శత్రువువలె వచ్చి యున్నదానిని ద్రోసి తాను గూర్చుండును. ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కను నిలుచును. అయినను ఆదేశము సైతము స్థానిని బొత్తిగా మఱవదు. తొలఁగింపఁబడినదాని ధర్మములు వచ్చినదానికి సంక్రమించునని పాణిని స్థానివద్భావమును విధించెను. వర్ణమును ఆశ్రయించిన విధులకు మాత్రము మినహాయింపు. పాత్రయందలి మార్పును బరీక్షించుటకును నిదియే సరియైన ప్రశ్న: తరువాతివానియందు మునుపటివాఁ డెంత మిగిలియున్నాఁడు?

భారతీయాలంకారికు లీ విషయమును స్పృశింపలేదనుట సరికాదు. 10వ శతాబ్దమున ధనంజయుని దశరూపకమునకు అవలోకవ్యాఖ్య రచించిన ధనికుఁడు, ధీరోదాత్తాదిశబ్దములు జాతివాచకములు కావనియు, దూడ, కోడె, ఎద్దు అనునట్లు అవస్థావాచకములనియుఁ జెప్పెను. పరశురాముఁడు ఒకయెడ నుదాత్తుఁడుగను, ఒకయెడ నుద్ధతుఁడుగను, ఒకయెడ శాంతుఁడుగను వర్ణింపఁబడుట యందులకు నిదర్శనము. కాని యా స్వేచ్ఛ అంగనాయకులకే. ప్రధాననాయకుఁడు ప్రబంధారంభమున నే యవస్థతోఁ బ్రవేశించెనో తుదిదాఁక నా యవస్థతోనే యుండవలెననియు, అవస్థాంతరస్వీకారము న్యాయ్యము కాదనియు నాతని మతము. నేఁటి ప్రేక్షకులు సరిగా దీనికి విపరీతముగాఁ గోరుచున్నారు. ఎవరి మాట నిలుచునో లక్ష్యములను జూచి తేల్పవలసియున్నది.

ధనికుని పక్షమునకు బలమైన లక్ష్యము తొరియామా అకిరా 1984 మొదలు 1995 వఱకు వారపత్రికలో రచించిన "డ్రాగన్ బాల్" బొమ్మలకథ. దాని యుత్తరభాగము "డ్రాగన్ బాల్ జడ్" అను పేర 1989-1996 నడుమ 291 భాగములుగా టెలివిజనునందుఁ బ్రదర్శింపఁబడినది. నాయకుఁడు గోకూ బాల్యమున నెట్టి యమాయకుఁడో, తాతయైన పిదపను నట్టివాఁడే. బలము పెరిగెను, స్వభావము కదలలేదు. వానిలో వికాసము లేదని నిందించుట కథాసంవిధానమును గుర్తింపకపోవుటయే. మార్పంతయు అంగనాయకుఁడైన వెజీటాయందు నిక్షేపింపఁబడినది. వీఁడు భూలోకమును నాశము సేయ వచ్చి, కాలక్రమమున నచ్చటనే గృహస్థుఁడై కుమారునిఁ గాంచెను. ఇంతమాత్రమే యైనచో నిది వట్టి యాదేశము: క్రూరుఁడు పోయెను, గృహస్థుఁడు వచ్చెను. వారము వారము సాగవలసిన కథలలో నిట్టి యాదేశములు కోకొల్లలు; నిన్నటి శత్రువు నేఁడు పంక్తిలోఁ గూర్చుండి భుజించును, ఎవ్వరును బ్రాఁతపగను దడవరు.

తొరియామా యంతటితో నాగలేదు. మాంత్రికుఁడైన బాబిడీ వశపఱచుకొనవచ్చినపుడు వెజీటా తన పూర్వక్రౌర్యమును మరలఁ బొందఁగోరి, తెలిసియే లోఁబడును. గృహసుఖము తన్ను మెత్తఁబఱచినదను రోషమే యందులకుఁ గారణము. పిదపఁ గుమారునిఁ గౌఁగిలించి, శత్రువును సంహరించుటకై తన్నుఁ దాను దహించుకొనును. దర్పము స్థానిధర్మము, అదియే తొలుత హింసకును, తుద నాత్మాహుతికిని హేతువైనది. మఱియొక విశేషము కలదు. మరణమునకు ముందు, పరలోకమున గోకూను జూడఁగలనా యని వెజీటా యడుగఁగా, నిరపరాధులఁ జంపినవాఁడవు గావునఁ జూడఁజాలవని పిక్కొలో బదులు చెప్పును. ఒక్క త్యాగమున వెనుకటి లెక్క మాసిపోదు. మార్పును బూర్ణాదేశముగాఁ దలఁచు రచయిత యీ సంభాషణమును వ్రాయఁజాలఁడు. క్రొత్తవానికిఁ బ్రాఁతవాని పాపముతోఁ బనియేమి?

అయితే ధనికుని నియమము, మియజాకి హయావో దర్శకత్వమున 2001లో వెలువడిన "సెన్ తో చిహిరో నో కమికకుషి" చిత్రమునకుఁ జెల్లునా? 2002లో బెర్లినునందు స్వర్ణభల్లూక బహుమానమును, 2003లో ఆస్కారును బొందిన యీ చిత్రమున నాయిక 10 ఏండ్ల చిహిరో. కారు వెనుకపీటపైఁ బరుండి, ముఖము ముడుచుకొని, పూలగుత్తిని బట్టుకొని ప్రవేశించును. తల్లిదండ్రులు దేవతల కుంచిన యాహారమును దిని పందులగుదురు. వారిని విడిపించుకొనుటకై బాలిక దేవతల స్నానశాలలోఁ బనికిఁ గుదురును. యజమానురాలు యుబాబా పని యిచ్చుచుఁ బేరును హరించును. ఒగినో చిహిరో యను పేరు జపాను లిపిలో నాలుగక్షరములు. మూఁడు పోయి యొక్కటి మిగులును. ఆ యక్షరమే చిహిరో యను పదమున "చి" యనియు, ఒంటరిగా "సెన్" అనియుఁ బలుకఁబడును. అక్షరము నిలిచియుండఁగా ధ్వని మాఱినది. పేరు మఱచినవారు మరలిపోఁజాలరని హాకు హెచ్చరించును. ఆతఁడును దన పేరు మఱచి బంధితుఁడైనవాఁడే. వైయాకరణుఁ డిందు వెదకి తేవలసిన యుపమానము లేదు, కథాబీజమే శబ్దవిచారము.

తుదకుఁ జిహిరో పందులమందను జూచి, వీనిలోఁ దన తల్లిదండ్రులు లేరని నిబ్బరముగాఁ జెప్పును. సామాన్యవిమర్శకుఁడు "పిఱికిపిల్ల ధీర యైనది" అని వ్రాసికొని తృప్తిపడును. కాని మరలి సొరంగమును దాఁటునపుడు ఆ బాలిక వచ్చినప్పటివలెనే తల్లి చేతిని గట్టిగాఁ బట్టుకొని నడచును. తల్లియు మొదటివలెనే, అంతగా నంటుకొనకుమని విసుగుకొనును. వికాసమనఁగా స్థిత్యంతరమే యైనచో నీ దృశ్యము పెద్ద లోపము కావలెను. ఇది పాత్రలు పెరుగు కథ కాదనియు, వారిలో మున్నే యున్నదానిని సందర్భము వెలికిఁ దెచ్చు కథ యనియు మియజాకి స్వయముగా నొక సంభాషణమునఁ జెప్పియున్నాఁడు. జెనీబా యింట స్నేహితులు వడికి యల్లిన జుట్టుకట్టు మాత్రము సొరంగము వెలుపల నొక్కమాఱు తళుక్కుమనును. ఇది యాగమము. వచ్చినది ప్రక్కను నిలిచినదేకాని దేనిని ద్రోయలేదు. ఆగమముతోఁ గూడిన శబ్దమును మునుపటి పేరుతోనే గ్రహింతురు గదా! ఇట్లు చూచినచో ధనికుని నియమమునకు భంగము లేదు. ఆతఁడు చెప్పని సూక్ష్మత యొకటి చేరినది: అవస్థ యేకరూపమే, దాని లోఁతు మాత్రము చివరకుఁగాని తెలియదు.

అన్నో హిదెఅకి దర్శకత్వమున 1995 అక్టోబరు మొదలు 1996 మార్చి వఱకు 26 భాగములుగా వెలువడిన "ఇవాంగెలియన్" విషయము వేఱు. నాయకుఁడు షింజి 14 ఏండ్ల బాలుఁడు. పాఱిపోరాదని తనకుఁ దానే పలుమాఱులు చెప్పుకొనును, చెప్పుకొనియుఁ బాఱిపోవును. అందువలన వికాసము లేదని నిందించుట యన్యాయము. తల్లిని గోల్పోయి, తండ్రిచే విడువఁబడిన బాలుఁడు యుద్ధయంత్రమునఁ గూర్చున్నంతనే వీరుఁడగుట యెట్లు నమ్మఁదగును? దోషము వేఱొకచోట నున్నది. చివరి రెండు భాగములలో బాహ్యకథ నిలిచిపోయి యంతయు షింజి చిత్తముననే నడచును. తన్నుఁ దాను సహింపవచ్చునని యాతఁడు నోటితోఁ బలుకఁగా, చుట్టును జేరిన పాత్రలు చప్పట్లు కొట్టి యభినందింతురు. రసమును స్వశబ్దముతోఁ జెప్పుటను మమ్మటుఁడు కావ్యప్రకాశమున దోషములలో లెక్కించెను. శృంగారమని యన్నంతనే శృంగారము పుట్టనట్లు, మాఱితినని యన్నంతనే పాత్ర మాఱదు.

ఆ లోపమును అన్నో 2021లో వెలువడిన చివరి చిత్రమున దిద్దెను. ప్రళయానంతరము మిగిలినవారు కట్టుకొన్న పల్లెలో షింజి మాటాడక, తినక, చాలసేపు కూర్చుండును. చుట్టును జనులు వరి నాటుచుందురు. అసుకా కసరి, నోటఁ దిండి గ్రుక్కును. తన కింత దయ యేల చూపుచున్నారని యడిగి యాతఁ డేడ్చును. అటుపిమ్మటనే లేచి తండ్రి నెదుర్కొనును. ఆ యెదుర్కొనుటయు యంత్రముల పోరుతో మొదలై, మాటలతో ముగియును. ఇచ్చట నెవ్వరును జప్పట్లు కొట్టరు, కొట్టనక్కఱలేదు.

అయినను నా చిత్రము తుద నొక చిక్కు మిగిలినది. 1995 మొదలు షింజికిఁ గంఠ మిచ్చినది ఒగతా మెగుమి. చివరి దృశ్యమున రైలునిలయమునఁ గనఁబడు, పెద్దవాఁడైన షింజికి మాత్రము కామికి ర్యూనొసుకె కంఠ మిచ్చెను. ఇది స్పష్టముగా నాదేశము. స్థానివద్భావముచే వీఁడు షింజియే యనవచ్చును. కాని వర్ణాశ్రయవిధులందు స్థానివద్భావము చెల్లదని సూత్రకారుఁడే మినహాయించియున్నాఁడు. 25 ఏండ్లకుఁ బైగా నొక్క ధ్వనిచేతనే యా బాలునిఁ బోల్చుకొనిన ప్రేక్షకునకు, ఆ కంఠమే లోపించినచోటఁ దక్కిన ధర్మములు చాలునా యన్నది తేలవలసియే యున్నది.