గొంగడి నీడన మంద కాపు

నమ్మకంగా వాన పడని దక్కను నేల మీద నెలల తరబడి నడవడం, ఆరుబయటే రాత్రులు గడపడం గొర్రెల కాపరులైన కురుమల, గొల్లల విద్య. అనంతగిరి గుట్టల నుంచి తాండూరు నల్లరేగళ్ల దాకా దీనిలో వాళ్లను మించినవాళ్లు లేరు.

దారిని మేతే చూపిస్తుంది. చేలల్లో పంట ఉన్నన్నాళ్లు మందలు గుట్టల వెంట, అడవి అంచుల్లో తిరుగుతాయి. కంది కోతలయ్యాక తాండూరు చేలు తెరుచుకుంటాయి. రాలిన ఆకు, పొట్టు గొర్రెకు బలమైన మేత. ఎండలు ముదిరితే నీళ్లున్న వైపు ప్రయాణం. పాలమూరు మందలైతే నల్లమల దాకా పోతాయి. థార్ ఎడారి అంచున రాయికా పశుకాపరులు చేసేదీ ఇదే.

అసలు పనితనం పొద్దుగూకాక చూడాలి. వాగులో విడిది చేయరు. పైన ఎక్కడో కురిసిన వానకు రాత్రికి రాత్రే వరద దిగుతుంది. నీరు నిలవని వాలు, గాలికి గట్టు అడ్డమున్న చోటు చూసి ముళ్లకంప వేస్తారు. గొర్రెపిల్లలు లోపల, కుక్కలు బయట, దారికి అడ్డంగా కాపరి. నిద్రలోనైనా మెడగంటల చప్పుడు మారితే లేచి కూర్చుంటాడు. వందల గొర్రెల్లో తప్పిన పిల్లను చీకట్లో అరుపు బట్టి తల్లి దగ్గరికి చేరుస్తాడు. ఎంత గొప్ప నేర్పు! చేనులో మంద ఆపినందుకు రైతు గింజలో, డబ్బో ఇస్తాడు. చేనుకు ఎరువు దక్కుతుంది.

ఈ బతుకంతటికీ ఆసరా గొంగడి. నల్ల దక్కని గొర్రె ఉన్నిని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఆడవాళ్లు వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, కుంచెతో దువ్వి, గుంత మగ్గం మీద నేస్తారు. చేయి తిరిగిన నేతగాడి గొంగడి మీద చినుకు పూసలా నిలిచి జారిపోతుంది. తల మీదుగా కొప్పెర వేస్తే వానకు అడ్డు, పరిస్తే పడక, కర్రల మీద కప్పితే గుడారం. నిప్పురవ్వ పడితే కమిలి ఆరిపోతుంది తప్ప అంటుకోదు.

ఇప్పుడు సంతల్లో గొంగడి పేరుతో అమ్ముతున్నది చాలావరకు మిల్లు సరుకు. అందులోని సింథటిక్ నూలు నిప్పుకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. కాపరికి దాన్ని అంటగట్టడం మోసం. ఉన్నికీ దెబ్బ తగిలింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీపై ఒక్కో కాపరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. ఉద్దేశం మంచిదే. కానీ పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చినవాటిలో ఉన్ని లేని నెల్లూరు జాతి చేరి, దక్కని మందలు మరింత సంకరమయ్యాయి. ఉన్ని లేని గొర్రెకు గొంగడి ఎక్కడిది? మేతభూములూ తరుగుతున్నాయి. తాండూరు చుట్టూ నాపరాళ్ల గనులు పాత దారులను మింగాయి. పూడూరు మండలం దామగుండంలో సుమారు 2,900 ఎకరాల అడవి నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి పోయింది. 2024లో శంకుస్థాపన కూడా జరిగింది.

పశుసంవర్ధక శాఖ నల్ల దక్కని పొట్టేళ్లను పంచాలి. మంద దారులను రెవెన్యూ పటాల్లోకి ఎక్కించాలి. అనంతగిరికీ కోట్‌పల్లి ప్రాజెక్టుకూ గుడారాలతో వచ్చే యువతీయువకులు మిల్లు కంబళి మానుకొని, మగ్గం దగ్గరికే వెళ్లి, నేతగాడు అడిగిన ధరకు గొంగడి కొనాలి.