నిలువు కోత, ఏటవాలు కోత

కదిరి నుంచి పల్లెల వైపు వెళ్తుంటే కరెంటు స్తంభాల మీద, తీగల కింద, ఒక నల్లటి కేబుల్ వెంట వస్తుంది. నేల తవ్వే ఖర్చు లేకుండా ఉన్న స్తంభాల మీదుగానే లాగిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయల ప్యాకేజీ సంగతి అప్పట్లో అందరి నోటా నానింది. కేబుల్ లోపలి గాజు పోగు ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

రంగు పూత తీసేస్తే ఆ పోగు మందం 125 మైక్రాన్లు. నడిమధ్యన కాంతి నడిచే కోర్ సుమారు 9 మైక్రాన్లే. కోర్ గాజులో కాస్త జెర్మేనియం ఆక్సైడ్ కలుపుతారు. దాంతో దాని వక్రీభవన గుణకం చుట్టూ ఉన్న గాజుకంటే ఒక శాతంలో మూడో వంతు మేర పెరుగుతుంది. ఆ పిసరంత తేడాకే కాంతి కోర్ గీత దాటదు. 1550 నానోమీటర్ల కాంతి ఒక కిలోమీటరు గాజు దాటాక కూడా దాదాపు 95 శాతం మిగిలే ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది పోగుల చివర్ల దగ్గరే. పనితనం తెలిసేదీ అక్కడే.

కేబుల్ తెగితే స్తంభానికి చుట్ట చుట్టి వదిలిన మిగులు కేబుల్‌ను కిందికి దించి అతుకుతారు. అతుకును కాపాడే స్లీవ్‌ను ముందే ఒక పోగుకు తొడగాలి; మరిచిపోతే అతికినదాన్ని మళ్లీ కోయాల్సిందే. పూత ఒలిచి, ఆల్కహాల్‌తో తుడిచి, పోగును క్లీవర్‌లో పెడతారు. క్లీవర్ నిజానికి కోయదు. అద్దాల కొట్టులో గీత గీసి విరిచినట్టు, గాజు మీద చిన్న గాటు పెట్టి వంచుతుంది. పగులు తనంతట తానే అడ్డంగా సాగి నున్నటి ముఖం మిగులుతుంది. అది నిటారు నుంచి ఒక డిగ్రీ కూడా పక్కకు ఒరగకూడదు.

ఇక పోగులను అతికే యంత్రం, స్ప్లైసర్ వంతు. రెండు కెమెరాలు రెండు వైపుల నుంచి చూస్తుంటే, చిన్న మోటార్లు రెండు చివర్లనూ ఎదురెదురుగా నిలుపుతాయి. ముందు ఒక చిన్న మెరుపు మిగిలిన దుమ్మును కాల్చేస్తుంది. రెండో మెరుపుకు గాజు కరుగుతుంది. మనిషీ మోటారూ సరిచేయలేని చివరి వంకరను కరిగిన గాజు తలతన్యతే సవరిస్తుంది. ఈ పనిలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. మంచి అతుకు దగ్గర పోయే కాంతి ఒక శాతం లోపే.

ఇంట్లో ఇంటర్నెట్ పెట్టెకు గుచ్చే పచ్చ కనెక్టర్‌లో కోత తీరు వేరు. అక్కడ గాజు ముఖాన్ని కావాలనే 8 డిగ్రీలు వాల్చి నునుపు చేస్తారు. నిటారు ముఖం గాలికి ఎదురైతే దాదాపు 4 శాతం కాంతి వచ్చిన దారినే వెనక్కి తిరిగి, లేజర్‌ను తడబడేలా చేస్తుంది. ముఖాన్ని వాల్చినా ప్రతిఫలనం ఆగదు, కానీ 16 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. కోర్ పట్టి ఉంచగలిగేది అయిదారు డిగ్రీల వాలు వరకే. కాబట్టి తిరుగుకాంతి కోర్ దాటి పక్క గాజులోకి పోయి ఆరిపోతుంది. ఇంత తేలికైన ఉపాయం ఎవరికి తట్టిందోగానీ, మెచ్చుకోకుండా ఉండలేం.

కొస మరీ చదును కాదు, కాస్త ఉబ్బుగా ఉంటుంది; రెండు గాజులు నడుమ గాలి లేకుండా ఆనుకునేది దానివల్లే. పచ్చదానికి నిటారు ముఖపు నీలి కనెక్టర్‌ను జతచేస్తే ఆ ఆనిక కుదరదు, సిగ్నల్ పడిపోతుంది. రంగులు వేరుగా పెట్టింది ఇందుకే.